ఊరూ పేరూ ఉన్న రాయి: ఉల్కలను సేకరించడం, చదవడం, అమ్మడం ఎలా?

"సార్, పొలం దున్నుతుంటే దొరికింది. నల్లగా ఉంది, బరువుగా ఉంది, అయస్కాంతం పట్టుకుంటోంది. ఉల్కేనా? ఎంతకు పోతుంది?" ఫొటోతో పాటు ఇలాంటి మెసేజ్ నాకు నెలకు ఒకటైనా వస్తుంది. ఇప్పటిదాకా ఒక్కదానికీ అవునని చెప్పే అదృష్టం పట్టలేదు. ఒకటి ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం, ఇంకొకటి మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం, మరొకటైతే లారీ బ్రేక్ డ్రమ్ము ముక్క. కాదని చెబితే పంపినవాళ్ళు నొచ్చుకుంటారు. కొందరు ఇంకొకరిని అడుగుతారు, అవునని చెప్పేవాడు దొరికేదాకా. అలాంటివాడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు, "టెస్టింగ్ ఫీజు" కూడా అడుగుతాడు.

ఉల్కకు పెట్టే పేరు అది పడిన లేదా దొరికిన చోటు పేరే. బీహార్‌లో 1865 ఆగస్టు 25న పడిన ఐదు కిలోల రాయి పేరు షెర్గోటీ. అంగారకుడి నుంచి వచ్చిన ఉల్కల్లో ఒక పెద్ద జాతినే ఇప్పుడు ప్రపంచమంతా షెర్గొటైట్లు అంటోంది. మన నెల్లూరు జిల్లాలో 1852లో పడినది కేటలాగుల్లో యాటూర్. పాత విశాఖపట్నం జిల్లాలో 1870లో పడిన నాలుగున్నర కిలోల ఇనుప ఉల్క నెడగొల్ల. ఏ వర్గంలోనూ ఇమడని ఇనుము అది, అందుకే పరిశోధకులు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఎక్కడిది, ఎప్పటిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది తెలియకపోతే ఎంత అసలైన ఉల్కైనా ఊరూ పేరూ లేని రాయి కిందే లెక్క. కొనేటప్పుడు, దాచేటప్పుడు, అమ్మేటప్పుడు తిరిగి తిరిగి ఈ సంగతి దగ్గరికే వస్తాం.

1. రాయికంటే ముందు చట్టం

మన దేశంలో పడిన ఉల్కలకు సంరక్షక సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అంటే జీఎస్‌ఐ. దొరికినవాళ్ళు దాన్ని జీఎస్‌ఐకి అప్పగించాలన్నది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ సేకరణ ఉన్నది కోల్‌కతాలో. మనకు దగ్గరగా హైదరాబాద్‌లో కూడా వాళ్ళ ప్రాంతీయ కార్యాలయం ఉంది. కాబట్టి మన నేల మీద పడిన దాన్ని అమ్ముకుందామన్న ఆలోచన మొదట్లోనే వదిలేయండి. తెలిసిన విదేశీ కొనుగోలుదారులు కూడా ఇలాంటిది ముట్టుకోరు, తర్వాత తిప్పలు వాళ్ళకే కాబట్టి.

మరి ఇక్కడి ఔత్సాహికుడు చేయగలిగింది ఏమిటి? బయటి దేశాల నుంచి చట్టబద్ధంగా వచ్చిన ముక్కలు కొనడం, చదవడం, మార్చుకోవడం, అమ్మడం. ఇంకా మేడమీద దుమ్ములో సూక్ష్మ ఉల్కల వేట. దాని గురించి కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు లెక్క వేరు. అమెరికాలో ఉల్క ఆ భూమి యజమానిది. స్నేహితుడి తోటలో దొరికితే స్నేహితుడిదే, మీది కాదు. ల్యాండ్ మేనేజ్‌మెంట్ బ్యూరో కింద ఉన్న ప్రభుత్వ భూముల్లో సొంతానికి ఏడాదికి పది పౌన్ల దాకా, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, ఏరుకోవచ్చు. అమ్మాలంటే పర్మిట్ కావాలి. నేషనల్ పార్కుల్లో అసలు ముట్టుకోకూడదు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో ఉల్క ప్రభుత్వానిదే. కెనడా నుంచి బయటికి పంపాలంటే అనుమతి తప్పనిసరి. అర్జెంటీనా, నమీబియా, ఒమాన్ తమ ఉల్కలు బయటికి పోకుండా కట్టడి చేశాయి. అందుకే మార్కెట్లో తేలిగ్గా దొరికే కాంపో డెల్ సియెలో (అర్జెంటీనా), గిబియన్ (నమీబియా) ఇనుప ఉల్కల ముక్కలు ఏ కాలంలో బయటికి వచ్చాయో అడగాలి. పాత సేకరణ నుంచి వచ్చినదైతే దాని వివరాలు రాసిన పాత చీటీ ఉండాలి.

ఇదంతా చాదస్తం కాదు. 2023లో నైజర్ ఎడారిలో 24 కిలోలకు పైగా బరువున్న అంగారక ఉల్క దొరికింది. దాని పేరు ఎన్‌డబ్ల్యూఏ 16788 (ఈ పొడి అక్షరాల సంగతి కింద చెప్తాను). 2025 జులైలో న్యూయార్క్‌లో సోదబీస్ వేలంలో అది ఫీజులతో కలిపి 53 లక్షల డాలర్లకు పోయింది. ఆ వెంటనే నైజర్ ప్రభుత్వం అది తమ దేశం దాటి ఎలా పోయిందో తేల్చాలని విచారణ మొదలుపెట్టింది. అంత ఖరీదైన రాయికీ కాగితాల దగ్గరే చిక్కు వచ్చిందంటే మన పది గ్రాముల ముక్క సంగతి చెప్పనక్కర్లేదు.

2. ముందు "కాదు" అనడం నేర్చుకోండి

ఉల్కను గుర్తుపట్టడం అంటే నిజానికి ఉల్క కానివాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టడమే. తెలుగు నేల మీద మనల్ని మోసం చేసే రాళ్ళకు కొదవ లేదు. నిర్మల్, నిజామాబాద్ వైపు ఒకప్పుడు ఉక్కు తీసిన ఊళ్ళ చుట్టూ చిట్టెం గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు దేశాలు దాటి వెళ్ళింది. విజయనగరం వైపు మాంగనీసు ఖనిజం, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల మడ్డి. ఒంగోలు దగ్గర మాగ్నెటైట్ ఉన్న కొండలు. మంగంపేట ముగ్గురాయి చేతిలోకి తీసుకుంటే ఉలిక్కిపడేంత బరువు, కానీ అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. అన్నిటికంటే ఎక్కువ కనిపించేవి ఎర్రనేలల్లో గుండ్రంగా ముద్దకట్టిన ఇనుప కంకర ఉండలు.

పరీక్షలు ఈ వరుసలో చేయండి. ఏ దశలో కాదని తేలినా అక్కడే ఆపేయవచ్చు.

కంటితో చూడండి. లోపలా బయటా చిన్న చిన్న బుడగల్లాంటి రంధ్రాలు ఉన్నాయా? అయితే అది దాదాపు ఖాయంగా చిట్టెమో, అగ్నిపర్వత శిలో. ఉల్కల్లో అలాంటి బుడగలు మహా అరుదు. తెల్లగా మెరిసే పలుగురాయి గింజలు కనిపిస్తే ఇక దాన్ని కింద పెట్టేయండి. తాజాగా పడిన ఉల్క మీద సన్నని నల్లటి పెంకు ఉంటుంది. దాన్ని ఫ్యూజన్ క్రస్ట్ అంటారు. గాలి రాపిడికి కరిగి గడ్డకట్టిన పొర అది, మందం మిల్లీమీటరు కంటే తక్కువే. విరిగిన చోట లోపలి భాగం బూడిదరంగులోనో, తెల్లగానో ఉండి, పైన పెంకు మాత్రం నల్లగా ఉంటే ఆసక్తిగా చూడవచ్చు. తడి మట్టి మీద బొటనవేలు నొక్కినట్టు లోతు తక్కువ గుంటలు కూడా కొన్నిటి మీద ఉంటాయి. అన్నిటి మీదా ఉండవు.

గీసి చూడండి. బాత్‌రూమ్ టైల్ వెనక గరుకు వైపు రాయితో గట్టిగా గీయండి. గీత ఎర్రగా వస్తే హెమటైట్ అనే ఇనుప ఖనిజం, నల్లగా చిక్కగా వస్తే మాగ్నెటైట్. ఉల్క మామూలుగా గీతే పెట్టదు. పెట్టినా లేత బూడిదరంగు, అంతే.

అయస్కాంతం. రాతి ఉల్కల్లో అత్యధిక శాతం లోహపు రేణువుల వల్ల అయస్కాంతానికి స్పందిస్తాయి. అయితే ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: నియోడిమియం అయస్కాంతం తెచ్చి రాయికి టపీమని అంటించడం. ఆ రాయి నిజంగా ఉల్కైతే కోట్ల ఏళ్ళుగా అందులో దాగిన అయస్కాంత ముద్ర ఆ ఒక్క దెబ్బతో చెరిగిపోతుంది. బ్లాక్ బ్యూటీ అనే అంగారక ఉల్క ముక్కలకు సరిగ్గా ఇదే జరిగిందని పరిశోధకులు 2023లో చూపించారు. పాత స్పీకరులోంచి తీసిన చిన్న అయస్కాంతపు ముక్కను దారానికి కట్టి, రాయికి అంగుళం దూరంలో వేలాడదీయండి. దారం పక్కకు వాలితే చాలు.

సాంద్రత. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ముందు పొడి బరువు రాసుకోండి. తర్వాత త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి అంకెను సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు కనిపించే గ్రాములే ఘన సెంటీమీటర్లలో దాని పరిమాణం. పొడి బరువును దానితో భాగించండి. గ్రానైట్ 2.7 దగ్గర ఆగుతుంది. మామూలు రాతి ఉల్కలు 3.2 నుంచి 3.8 మధ్య. మాగ్నెటైట్, హెమటైట్ ఐదు దాటుతాయి. ఇనుప ఉల్క ఏడున్నర పైమాటే. నిన్న రాత్రి కళ్ళముందు పడిన రాయైతే మాత్రం ఈ పరీక్ష వద్దు, నీళ్ళు తగలనివ్వకండి.

చివరిది కిటికీ. రాయి అంచున చిటికెన గోరంత చోటు అరగదీసి లోపల చూడటాన్ని ఔత్సాహికులు "విండో" తీయడం అంటారు. కారు పెయింటర్లు వాడే వాటర్ పేపర్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. 220 తో మొదలుపెట్టి 400, 600, 1000 దాకా వెళ్ళండి. గంట పని. పది రెట్లు చూపించే లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూస్తే వెండి చుక్కల్లా లోహపు రేణువులు, వాటి మధ్య ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపించాలి. ఆ గింజల పేరు కాండ్రూల్స్. భూమి మీద పుట్టిన ఏ రాయిలోనూ అవి ఉండవు.

ఇవన్నీ దాటిన రాయి వెయ్యిలో ఒకటి కూడా ఉండదు. దాటితే విండో ఫొటో తీసి జీఎస్‌ఐకి రాయండి.

3. మొదటి ముక్క కొనడం

నా మొదటి కొనుగోలే దెబ్బ. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు "చంద్రుడి ఉల్క, 3 గ్రాములు" అన్నాడు, ధర చూసి ఆగలేకపోయాను. వచ్చింది. కేటలాగు నంబరు లేదు, దొరికిన చోటు లేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలంటే అయ్యే ఖర్చు దాని ధరకు పదింతలు. పేపర్ వెయిట్‌గా వాడుతున్నాను.

కొనేముందు మొట్టమొదట చూడాల్సింది మీటియోరిటికల్ బులెటిన్ డేటాబేస్. మీటియోరిటికల్ సొసైటీ 1933లో ఏర్పడింది. ఉల్కలకు అధికారికంగా పేరు పెట్టేది దాని కమిటీయే. డేటాబేస్ ఉచితం, ఎవరైనా వెతకవచ్చు. అమ్మేవాడు చెప్పిన పేరు అందులో ఉందా? వర్గం అదేనా? మొత్తం దొరికిన బరువెంత? ఈ మొత్తాన్ని టీకేడబ్ల్యూ అంటారు. మొత్తం 80 గ్రాములే దొరికిన రాయిని ఒకడు వంద గ్రాములు అమ్ముతున్నాడంటే లెక్క మీరే వేసుకోండి.

సహారాలో దొరికి, కచ్చితంగా ఏ చోటో తెలియని వాటికి ఊరి పేరు బదులు ఎన్‌డబ్ల్యూఏ అని, పక్కన ఒక నంబరు ఇస్తారు. వాయవ్య ఆఫ్రికా అని దాని అర్థం. నంబరు లేకుండా ఉత్త "ఎన్‌డబ్ల్యూఏ" అంటే వర్గీకరణ జరగలేదని. అది తప్పేమీ కాదు, చవగ్గా వస్తుంది, నేర్చుకోవడానికి బాగుంటుంది. కాకపోతే దాన్ని అదే పేరుతో, అదే ధరకు కొనాలి. "ఫలానా ప్రసిద్ధ ఉల్కకు జోడీ", అంటే అదే ఉల్క తాలూకు ఇంకో ముక్క అని చెప్పి ధర పెంచితే ఆ జోడీని తేల్చిన ప్రయోగశాల ఏదో అడగండి. రంగు కలిసినంత మాత్రాన జోడీ కాదు.

ఏవి కొనాలి? నా సలహా ఇది. ముందుగా ఒక మామూలు కాండ్రైట్ (కాండ్రూల్స్ ఉన్న రాతి ఉల్క) పలక, అంటే స్లైస్. లోపలి గింజలు కనిపించాలి కాబట్టి మొత్తం రాయి కన్నా పలకే మేలు. సహారా కాండ్రైట్లు గ్రాము వంద రూపాయల లోపు నుంచి కొన్ని వందల దాకా ఉంటాయి. తర్వాత సిఖోటె-అలిన్ నుంచి ఒక చిన్న తునక. 1947 ఫిబ్రవరి 12న రష్యా తూర్పు కొసన ఆకాశంలో పేలి, ఇనుప వాన కురిసిన ఉల్క అది. తునకలు బాంబు పెంకుల్లా మెలితిరిగి ఉంటాయి. మూడోది ఆయెండె. మెక్సికోలో 1969 ఫిబ్రవరి 8న రెండు టన్నులకు పైగా పడటం వల్ల చిన్న ముక్క ఇప్పటికీ అందుబాటులోనే ఉంది. అందులో తెల్లని మచ్చలు కనిపిస్తాయి. అవి 456 కోట్ల ఏళ్ళ నాటివి, సౌర కుటుంబంలో తొలుత గడ్డకట్టిన పదార్థం. భూమికంటే పాతదాన్ని అరచేతిలో పెట్టుకుని కాఫీ తాగిన ఉదయం నాకు ఇంకా గుర్తుంది.

చంద్రుడి ముక్కలు, అంగారకుడి ముక్కలు తర్వాత. గ్రాము వేలల్లో, పదివేలల్లో ఉంటుంది. అందరికీ మనసు పడేది వాటి మీదే, మోసాలు ఎక్కువ జరిగేదీ అక్కడే.

అమ్మేవాడు అంతర్జాతీయ ఉల్కా సేకర్తల సంఘం ఐఎంసీఏలో సభ్యుడా అని చూడండి. సభ్యత్వం నంబరు ఉంటుంది, నిజమో కాదో సరిచూసుకోవచ్చు. అది హామీ పత్రం కాదు గానీ పోగొట్టుకోవడానికి పరువున్న మనిషని తెలుస్తుంది. పార్శిల్ వచ్చేటప్పుడు కస్టమ్స్ డిక్లరేషన్‌లో ఉన్నది ఉన్నట్టు రాయించండి. "గిఫ్ట్, 5 డాలర్లు" అని రాస్తానని అమ్మకందారు ఉదారంగా ముందుకొస్తే వద్దనండి. సుంకం మిగలడం మాట అటుంచి, రేపు ఆ ముక్కను మీరు అమ్మేటప్పుడు చూపించడానికి సరైన ఇన్‌వాయిస్ ఉండదు.

టెక్టైట్లు, మోల్డవైట్లు కూడా ఇవే బల్లల మీద అమ్ముతారు. అవి ఉల్కలు కావు, ఉల్క తగిలిన వేడికి కరిగి ఎగిరిన భూమి మట్టే. వాటిలో ఆకుపచ్చ మోల్డవైట్‌కు గాజు నకిలీలు కుప్పలు.

4. చదవడం

కొన్న ముక్కను అద్దాల బీరువాలో పెట్టి మర్చిపోతే దానికన్నా ఫొటో నయం. ఉల్క చీటీ మీద "ఎల్6, ఎస్3, డబ్ల్యూ2" లాంటి గుర్తులుంటాయి. అది చదవడం వస్తే రాయి జాతకం చేతికొచ్చినట్టే.

మొదటి అక్షరం కుటుంబం. మామూలు కాండ్రైట్లలో హెచ్, ఎల్, ఎల్‌ఎల్ అని మూడు. హెచ్‌లో ఇనుము ఎక్కువ, ఎల్‌లో తక్కువ, ఎల్‌ఎల్‌లో ఇంకా తక్కువ. మూడింటి పలకలు పక్కపక్కన పెడితే వెండి చుక్కలు తగ్గుతూ పోవడం కంటికే తెలుస్తుంది. తర్వాతి అంకె తల్లి గ్రహశకలం లోపల ఆ రాయి ఎంత ఉడికిందో చెబుతుంది. మూడైతే గింజలు నిక్కచ్చిగా విడివిడిగా ఉంటాయి. ఆరుకు వచ్చేసరికి అన్నం మెత్తబడి ముద్దయినట్టు గింజల అంచులు చెరిగిపోతాయి. ఎస్ అంటే ఢీకొన్న దెబ్బ తీవ్రత, ఒకటి నుంచి ఆరు. డబ్ల్యూ అంటే భూమి మీద ఎంత తుప్పు పట్టిందో, సున్నా నుంచి ఆరు.

సొంతంగా చేయగల అధ్యయనం చాలానే ఉంది. పాత పోలరైజింగ్ మైక్రోస్కోపు దొరికితే సన్నపలక, అంటే థిన్ సెక్షన్ కొనండి. రాయిని మిల్లీమీటరులో వందకు మూడు వంతుల మందానికి అరగదీసి గాజు మీద అతికిస్తారు. రెండు పోలరైజర్ల మధ్య పెట్టి తిప్పితే బూడిదరంగు రాయి కాస్తా సంక్రాంతి ముగ్గులా రంగులు చిమ్ముతుంది. ఏది ఒలివీన్ ఖనిజం, ఏది పైరాక్సీన్ ఖనిజం అన్నది ఆ రంగుల్ని బట్టి పట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. దగ్గర్లోని కాలేజీ జియాలజీ విభాగంలో మైక్రోస్కోపు ఖాళీగా ఉంటుంది, మర్యాదగా అడిగితే చూడనిస్తారు.

ఇనుప ఉల్క పలకను పాలిష్ చేసి నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో రుద్దితే చాప అల్లికలాంటి గీతలు తేలతాయి. అవి విడ్‌మాన్‌స్టాటెన్ గీతలు. పది లక్షల ఏళ్ళకు కొన్ని డిగ్రీల నుంచి కొన్ని వందల డిగ్రీల చొప్పున చల్లారితే గానీ ఆ అల్లిక రాదు, ఏ కొలిమిలోనూ దాన్ని ఆ పరిమాణంలో తయారుచేయలేరు. నకిలీల్లో స్టీలు మీద పైపైన ముద్రించిన గీతలుంటాయి, అంచు తిప్పి చూస్తే గీత లోపలికి దిగదు. ఆమ్లం పని ఇంట్లో చేయకండి. గాలి ఆడే చోట, గ్లౌజులు, కళ్ళద్దాలు, పక్కన తెలిసిన మనిషి ఉంటేనే. నేనైతే ముందే ఎచ్ చేసిన, అంటే ఆమ్లంతో గీతలు తేల్చిన పలకే కొంటాను.

వర్గీకరణ చేయని రాయిని చేయించాలనుకుంటే ఒక నియమం తెలియాలి. మొత్తం బరువులో 20 శాతం లేదా 20 గ్రాములు, ఏది తక్కువైతే అది, గుర్తింపు ఉన్న సంస్థలో శాశ్వతంగా జమ చేయాలి. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ మీద విశ్లేషణ, కమిటీ ఆమోదం. నెలలు పడుతుంది. ఐదు గ్రాముల ముక్కకు ఇది గిట్టదు.

5. మేడమీద దుమ్ములో వేట

చాలాకాలం శాస్త్రవేత్తలు పట్టణాల్లో సూక్ష్మ ఉల్కలు ఏరడం అసాధ్యమని కొట్టిపారేశారు. ఆ మాటను తప్పని నిరూపించింది జాన్ లార్సన్ అనే నార్వే జాజ్ గిటారిస్టు. మాథ్యూ జెంజ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తతో కలిసి, ఇళ్ళ పైకప్పుల నుంచి తీసిన 300 కిలోల మడ్డిలో 500 సూక్ష్మ ఉల్కలు దొరికాయని 2017లో ప్రకటించారు. ఇప్పుడు ఇది ఎవరైనా చేయగల పని. మన ఇళ్ళకు చదును డాబాలు ఉండటం పెద్ద లాభం.

పెద్ద డాబా ఎంచుకోండి. బడి, కల్యాణ మండపం అయితే మరీ మంచిది, అనుమతి అడగండి. కనీసం ఏడాదిగా గట్టిగా ఊడ్చి కడగనిది కావాలి. పిట్టగోడ మూలల్లో, వాన నీళ్ళ గొట్టం మొదట్లో పేరుకున్న దుమ్ము తీసుకోండి. వేసవి చివర, తొలకరికి ముందు తీస్తే బాగుంటుంది. దీపావళి తర్వాత రెండు నెలలు వద్దు. మతాబులు, కాకరపువ్వొత్తుల నుంచి రాలే లోహపు గుండ్లు అచ్చం ఉల్కల్లా ఉండి ప్రాణం తీస్తాయి. పక్కన వెల్డింగ్ షాపు ఉన్నా అంతే. రామగుండం, ఇబ్రహీంపట్నం లాంటి థర్మల్ కేంద్రాల దగ్గర బూడిద గోళాలతో ఇంకో తలనొప్పి.

తెచ్చిన దుమ్మును బకెట్లో నీళ్ళు, కొద్దిగా సర్ఫ్ వేసి కలపండి. పైకి తేలిన చెత్త, బురద నీళ్ళు పారబోయండి. నీళ్ళు తేటపడేదాకా ఇలాగే. ఆరబెట్టి, రెండు సన్నని జల్లెడల మధ్య 0.15 నుంచి 0.4 మిల్లీమీటర్ల రేణువుల్ని పట్టండి. ఇక్కడ అయస్కాంతం వాడవచ్చు, ప్లాస్టిక్ సంచిలో పెట్టి తిప్పండి. అంటుకున్న వాటిని తెల్ల కాగితం మీద దులిపి, యాభై రెట్లు చూపించే యూఎస్‌బీ మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ చూడండి.

మెరిసే, అద్దంలా నునుపైన గుండు దాదాపు ఎప్పుడూ మనిషి చేసినదే. ఉల్క గుండు మీద తాబేలు చిప్పలాంటి గీతలో, చెట్టు కొమ్మల్లాంటి స్ఫటికాలో ఉంటాయి. కొన్నిటికి ముందు భాగాన లోహపు బొడిపె ఉంటుంది. నాకు మొదటిది దొరికేసరికి ఎనిమిది డబ్బాల దుమ్ము అయిపోయింది. ఇంట్లోవాళ్ళు నా మానసిక స్థితి గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఖాయం చేసుకోవాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద రసాయన కూర్పు చూపించాల్సిందే. అప్పటిదాకా "అభ్యర్థి" అని రాసుకోండి.

6. తుప్పు నుంచి కాపాడటం

మన కోస్తా గాలి ఉల్కలకు విషం. లోహం, క్లోరిన్, తేమ కలిస్తే లోపల్నుంచి తినేస్తుంది. విశాఖలో, కాకినాడలో బీరువాలో ఊరికే పెట్టిన ఇనుప పలక ఒక్క వానాకాలంలో అంచుల వెంట గోధుమరంగు చెమట పట్టడం చూశాను.

రబ్బరు సీలు ఉన్న డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటరు. ఇంతే. తేమ 30 శాతం లోపు ఉంచితే నిశ్చింత. జెల్ రంగు మారగానే సన్న సెగ మీద వేయించి మళ్ళీ వాడుకోవచ్చు. పలకను ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, చెమటలో ఉప్పుంటుంది. తుప్పు మొదలైతే సన్నగా రుద్ది, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, బాగా ఆరబెట్టండి. ప్రదర్శనకు ఉంచే ఇనుము మీద పల్చటి మైనం పూయవచ్చు. కార్బన్ ఎక్కువుండే రాళ్ళ మీద నూనె, మైనం, జిగురు ఏదీ వద్దు. అవి పరిశోధనకు పనికిరాకుండా పోతాయి.

7. చీటీ, రిజిస్టరు

ప్రతి ముక్కకూ ఒక నంబరు ఇవ్వండి. నోటు పుస్తకంలో ఆ నంబరు కింద పేరు, వర్గం, గ్రాముల్లో రెండు దశాంశాల దాకా బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారో రాయండి. ఇన్‌వాయిస్, పాత యజమానుల చీటీలు కవర్లో వేసి అదే నంబరు రాయండి. పాత చీటీ చిరిగినా పారేయకండి. మ్యూజియం సేకరణ నుంచి మార్పిడిలో బయటికి వచ్చిన ముక్కకు ఆ పసుపుబారిన చేతిరాత చీటీ వల్లే ధర రెట్టింపైన సందర్భాలున్నాయి. కోసినప్పుడు పోయిన పొడి బరువు కూడా రాయాలి. రంపపు పళ్ళకే పది శాతం పోవడం మామూలు.

8. అమ్మడం

ఔత్సాహికులు ఎక్కువమంది అమ్మేది లాభం కోసం కాదు, ఇంకోటి కొనడానికి. ధర తేల్చేవి నాలుగు: వర్గం ఎంత అరుదు, మొత్తం ఎంత దొరికింది, పడుతుండగా చూసినదా లేక తర్వాత దొరికినదా, చీటీ ఎంత గట్టిది. మొదట మీ ముక్కకు దగ్గరగా ఉన్నవి గత ఏడాదిలో నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో చూడండి. అడిగిన ధరలు చూసి లాభం లేదు, అడగడానికేముంది.

ఫొటోలు పగటి వెలుగులో, పరిమాణం తెలిసేలా పక్కన సెంటీమీటరు ఘనం పెట్టి, అన్ని వైపుల నుంచి తీయండి. తుప్పు, పగులు, అతుకు, పూసిన మైనం ఏది ఉన్నా రాయండి. తెలియనిది తెలియదనే చెప్పండి. "చంద్రుడిది కావచ్చు" అన్న ఒక్క మాట మీ పేరును శాశ్వతంగా పాడు చేస్తుంది, ఈ లోకం చాలా చిన్నది. ఏటా జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా అమెరికాలోని టూసాన్‌లో, జూన్‌లో ఫ్రాన్స్‌లోని ఎన్సిషైమ్‌లో జరిగే సంతల్లో ప్రపంచంలోని వ్యాపారుల్లో చాలామంది కలుసుకుంటారు. ఎన్సిషైమ్‌లో 1492 నవంబరు 7న పడిన రాయిలో మిగిలిన పెద్ద ముక్క ఇప్పటికీ అదే ఊళ్ళో ఉంది. అరిజోనాలో, టెక్సస్‌లో ఉన్న మనవాళ్ళు టూసాన్ ఒక్కసారైనా చూడాలి. కొనకపోయినా పర్వాలేదు, చేత్తో పట్టుకుని చూసిన వెయ్యి రాళ్ళు ఏ పుస్తకం కన్నా బాగా నేర్పుతాయి.

ఇక్కడి నుంచి తరచూ విదేశాలకు అమ్మాలనుకుంటే ఐఈసీ (ఎగుమతి దిగుమతుల) కోడ్, పన్నుల సంగతి ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

ఇంకొక హెచ్చరిక. బియ్యం గింజల్ని లాక్కునే రైస్ పుల్లర్, పిడుగు పడిన ఇరిడియం చెంబు అంటూ లక్షలు గుంజే ముఠాలను మన రెండు రాష్ట్రాల పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు. ఆ కథలోకి ఇప్పుడు "ఉల్క" కూడా దూరింది. శాంపిల్ పరీక్షకు శాస్త్రవేత్త విమానంలో వస్తాడు, అతను వేసుకునే రక్షణ సూట్ ఖర్చు మీరు కట్టాలి అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. నిజమైన ఉల్క కొనేవాడు ముందు మీ దగ్గర డబ్బు అడగడు.

9. ఒకవేళ నిజంగానే కళ్ళముందు పడితే

2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ దగ్గర రెండు ఊళ్ళలో రాళ్ళు పడ్డాయి. ఒకటి వరండా గచ్చు పగలగొట్టింది, ఇంకొకటి వేపకొమ్మకు తగిలి ముక్కలైంది. అది ఆబ్రైట్ అనే అరుదైన రాతి ఉల్క అని, అంతకుముందు మన దేశంలో ఆ జాతి 1852లో ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ దగ్గర మాత్రమే పడిందని తేలింది. ఊళ్ళోవాళ్ళు ముక్కలు వెంటనే ఏరి అప్పగించడం వల్లే ఆ సంగతి తెలిసింది.

మీ ఊళ్ళో అలా జరిగితే ముందు సమయం, వెలుగు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయిందో, ఎన్ని చప్పుళ్ళు వినిపించాయో రాసుకోండి. సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకముందే కాపీ చేయించండి. రాయి పక్కన ఒక నాణెం పెట్టి, కదపకముందే ఫొటో తీయండి. చేతికి శుభ్రమైన కవరు తొడుక్కుని, వంటింటి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, జిప్ కవర్లో పెట్టండి. కడగకండి, పసుపు కుంకుమ పెట్టనివ్వకండి, ముక్కలుగా పంచుకోనివ్వకండి. అందులోని కొన్ని రేడియోధార్మిక పరమాణువులు రోజుల్లోనే సగానికి తగ్గిపోతాయి. కాబట్టి తహసీల్దారుకు, జీఎస్‌ఐకి అదే రోజు ఫోన్ చేయండి. అప్పగించేటప్పుడు దొరికినవారి పేరు, ఊరు, సర్వే నంబరు రాసిన రసీదు అడిగి తీసుకోండి.